అతిమానుష వీరుల ఆట

హనుమకొండ నుండి ఒక తల్లి మాకు ఉత్తరము వ్రాసినారు. ఆమె కుమారుడు ఇంజనీరింగు చదువుచు హాస్టలు నుండి సెలవులకు ఇల్లు చేరినాడు. వచ్చిన నాటి నుండి నలుగురు మిత్రులను పోగుచేసికొని, గదిలో బల్ల చుట్టును కూర్చుండి, పాచికలు విసరుచు, కాగితములపై అంకెలు వేసికొనుచు, అర్ధరాత్రి వరకు కేకలు వేయుచున్నాడట. “ఒకడు ‘నేను ఎగిరిన’ అనును. ఇంకొకడు ‘గోడ పగులగొట్టిన’ అనును. ఎవడును కుర్చీ విడిచి లేవడు. ఇది జూదము కాదని మావాడు ప్రమాణము చేయుచున్నాడు. జూదము కానిచో పాచికలెందుకు?” అని ఆమె ప్రశ్న.

ప్రశ్న సమంజసమైనది. పాచికల మాట వినగానే ధర్మరాజు జ్ఞప్తికి వచ్చుట మన తెలుగు ఇండ్లలో సహజము. అందుచేత జవాబును ముందే చెప్పెదము. ఇది జూదము కాదు. ఇందు పందెము లేదు. ఒకడు గెలిచి మరియొకడు ఓడుట కూడ లేదు. దీనిని ఇంగ్లీషువారు రోల్ ప్లేయింగ్ గేమ్ అందురు. మనము పాత్రధారణ క్రీడ అనుకొనవచ్చును. ఆ కుర్రవాడు ఆడుచున్నది అందులో ఒక శాఖ. సామాన్యులకు లేని శక్తులు గల సూపర్ హీరోలు అందు పాత్రలు.

కూర్చున్నచోటనే కథ నడచుట వరంగల్లు ప్రాంతమువారికి వింత కాదు. ఒగ్గుకథను చూచినవారు ఈ ఆటను సగము ఎరిగినవారే. మల్లన్న కథగాని, బీరప్ప కథగాని చెప్పునపుడు ప్రధాన కథకుడు కథను నడుపుచుండును. డోలు, తాళము, ఒగ్గు మ్రోగుచుండగా ప్రక్కనున్న సహాయకుడు ఒక క్షణమున రాజగును. మరుక్షణమున కండువా తలపై వేసికొని దాసి యగును. కోట లేదు, సింహాసనము లేదు, అయినను చూచువారికి రెండును కనబడును. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్యగారి కథను ప్రత్యక్షముగ విన్నవారికి ఈ మాట ఋజువు చేయనక్కరలేదు. అయితే ఒగ్గుకథలో సహాయకుడు ఎంత చమత్కరించినను కథ ముగింపు మారదు. ఈ ఆటలో మారును. ప్రధాన కథకుని స్థానమున ఒక సూత్రధారి ఉండును. మిగిలినవారు తలకొక పాత్ర ధరింతురు. తన పాత్ర ఏమి చేయునో ఎవరికి వారే చెప్పవలెను. చెప్పినది నెరవేరునా లేదా అను సందేహము కలిగినచోట మాత్రమే పాచికలు పడును. ఇక్కడ పాచికల ఉద్యోగము ఇంతమాత్రమే.

మాట తేటపడుటకు ఒక చిన్న ఘట్టము చెప్పెదము. సూత్రధారి ఇట్లనును: “రాత్రి పదకొండు గంటలు. మీరు వరంగల్లు కోటలో ఉన్నారు. నాలుగు కీర్తితోరణములు ఉండవలసినచోట మూడే ఉన్నవి. నాలుగవదానిచోట రెండు గుంటలు, చుట్టును చెదరిన మన్ను. దూరమున టార్చిలైటు వెలుగు కదలుచున్నది. ఏమి చేసెదరు?” ఒక బాలిక, “నేను నేలకు చెవి పెట్టి వింటా” అనును. ఆమె పాత్రకు రాతిగుండ వినగల శక్తి ఉన్నది. సూత్రధారి పాచికలు వేయించును. ఆమెకు కావలసిన అంకె పడినచో, “లారీ ఇంజను చప్పుడు వినబడలేదు. ఇంత రాయిని ఎత్తుకొనిపోయినవాడు ఏ బండియు తేలేదు” అని చెప్పును. అంకె పడనిచో, ఆమె వినుచుండగనే కాపలావాడు వెనుకకు వచ్చి నిలిచినాడని చెప్పును. రెండు విధముల కూడ కథ ముందునకే సాగినది గదా.

ఈ ఆట పుట్టిన వృత్తాంతమును క్లుప్తముగ చెప్పెదము. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటను ప్రకటించిరి. అందు కత్తులు, మాంత్రికులు, గుహలు. పాత్రధారణ క్రీడలకు అది ఆది. సూపర్ హీరో అంతకుముందే, 1938లో సూపర్‌మ్యాన్ రూపమున బొమ్మల పుస్తకములలో అవతరించి యున్నాడు. ఈ రెంటిని కలిపి 1977లో సూపర్ హీరో 2044 అను ఆటను డొనాల్డ్ శాక్స్‌మన్ వెలువరించెను. 1979లో వచ్చిన విలన్స్ అండ్ విజిలాంటీస్ అను ఆటలో ఒక సరదా యున్నది. ఆడువాడు తన్ను తానే పాత్రగ చేసికొనవలెను. తన బలమెంత, తన తెలివి ఎంత అని అంకెలు వేసిన తరువాత పాచికలు వేసి శక్తులు పొందవలెను. తన తెలివికి తానే మార్కులు వేసికొనుటలో ఎవరెంత నిజాయితీగ ఉందురో చూడవలెనన్నచో ఇంతకన్న మంచి పరీక్ష లేదు. మా ఇంట ప్రయత్నించి చూచితిమి. అందరును మేధావులే.

తరువాత 1981లో జార్జ్ మెక్‌డొనాల్డ్, స్టీవ్ పీటర్సన్ అనువారు ప్రకటించిన ఛాంపియన్స్ అను ఆట ఈ విద్యను ఒక మలుపు త్రిప్పినది. ఇచ్చట మనము కొంచెము ఆగవలెను. విలన్స్ అండ్ విజిలాంటీస్ ఆటలో వీరుని శక్తులను పాచికలే నిర్ణయించెడివి. ఒకనికి ఎగురు శక్తియు, ఒకనికి వట్టి చురుకుదనమును పడినచో రెండవవాడు ఆ సాయంకాలమంతయు ముఖము ముడుచుకొని కూర్చుండును. ఛాంపియన్స్ కర్తలు పాచికలను ఆ పని నుండి తప్పించి, ప్రతివానికిని సమానముగ 100 పాయింట్ల పెట్టుబడి ఇచ్చిరి. ఆ పాయింట్లతో అంగడిలో సరుకులు కొన్నట్లు బలము, వేగము, ఎగురుట, అగ్నివర్షము కొనుక్కొనవచ్చును. బలము 10 గలవాడు సామాన్యుడు. వాడు ప్రాణము పెట్టి ఎత్తిన 100 కిలోలు, అనగా ఒక క్వింటాలు ఎత్తగలడు. ఆ పైన 5 పెరిగిన ప్రతిసారియు మోత రెట్టింపగును. 15 గలవానికి 200 కిలోలు, 20 గలవానికి 400 కిలోలు. ఈ లెక్కన 60 బలము గలవాడు 1,02,400 కిలోలు, అనగా నూరు టన్నులకు పైగా ఎత్తును. ఎనుమాముల మార్కెట్టులో ఎందరో హమాలీలు కలిసి మోయునది వాడు ఒక్క దెబ్బకు మోయునేమో!

అయితే 100 పాయింట్లతో గొప్ప వీరుడు తయారుకాడు. మిగిలినవి సంపాదించుటకు ఒకే మార్గము. తన వీరునికి లోపములు వ్రాసికొనవలెను. వెంటాడు శత్రువు ఉన్నాడనినచో కొన్ని పాయింట్లు, ఒక వస్తువు తగిలినచో శక్తి పోవుననినచో మరికొన్ని, అబద్ధము చెప్పలేడనినచో ఇంకొన్ని. బలహీనతను అమ్మి బలమును కొనుట అన్నమాట.

అమెరికావారు 1981లో కనిపెట్టిన ఈ సూత్రము మనకు క్రొత్తది కాదు. కర్ణుని చూడుడు. సహజ కవచకుండలములు ఎంత గొప్ప శక్తియో, అడిగినవానికి లేదనజాలని గుణము అంత గొప్ప లోపము. ఆ లోపము గుండనే ఇంద్రుడు లోనికి వచ్చినాడు. పైగా అవసరకాలమున అస్త్రము జ్ఞప్తికి రాదని గురుశాపము. హనుమంతునికి తన బలము తనకు తెలియదు, జాంబవంతుడు గుర్తుచేయవలెను. అభిమన్యునికి పద్మవ్యూహము చొచ్చుట తెలియును, వెలువడుట తెలియదు. ఈ లోపములను తీసివేసినచో మిగులునది బలాఢ్యుల జాబితా మాత్రమే, భారతము కాదు. 2024 సంక్రాంతికి వచ్చిన హను-మాన్ చలనచిత్రమున కూడ అంజనాద్రి కుర్రవానికి మణివలన కలిగిన శక్తి సూర్యకాంతి ఉన్నంతవరకే పనిచేయునని కట్టడి. చీకటి పడుచున్నదన్నచో ప్రేక్షకుడు కుర్చీ అంచునకు జరుగును. ఆ జరుపుటయే లోపము చేయు పని.

తరువాతి ఆటలను రెండు మూడు మాటలలో ముగింతుము. 1984లో వచ్చిన మార్వెల్ సూపర్ హీరోస్ ఆటను రచించినవాడు జెఫ్ గ్రబ్. అందు శక్తులకు అంకెలతోబాటు విశేషణములు ఉండును. సామాన్యము, మంచిది, అద్భుతము, భయంకరము అని మెట్లు. అందులోని ఒక నియమమును ఉత్తరము వ్రాసిన తల్లి గమనింపవలెను. మంచిపనుల వలన వీరునికి కర్మ అను పేరుగల పాయింట్లు పోగగును. వాటిని ఖర్చుపెట్టి కష్టమైన కార్యములు సాధింపవచ్చును. కాని వీరుడు ఎవరినైనను చంపినచో పోగైన కర్మ అంతయు సున్న యగును. 2002లో స్టీవ్ కెన్సన్ రచించిన మ్యూటంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ ఆటలో ఇరువది ముఖముల పాచిక ఒక్కటే. సూత్రధారి వీరుని లోపమును కథలోనికి తెచ్చి ఇబ్బంది పెట్టినపుడెల్ల వీరునికి పరిహారముగ ఒక హీరో పాయింటు ఈయవలెను. 2016లో బ్రెండన్ కాన్వే రచించిన మాస్క్స్ అను ఆటలో వీరులందరును కౌమారవయస్కులు. అందు బలమును కొలుచు అంకెలే లేవు. తన్ను తాను రక్షకుడననుకొనుచున్నాడా, ప్రమాదకారిననుకొనుచున్నాడా, వట్టి సామాన్యుడననుకొనుచున్నాడా అని కొలుతురు. పెద్దలెవరైనను “నీ వలన ప్రమాదమే” అన్నచో ఆ అంకె పెరిగి ఇంకొకటి తరుగును. తలిదండ్రుల మాట పిల్లవాని కాగితము మీద అంకెలు మార్చు ఆట ఇది. మేము చదివినవానిలో మమ్ము ఎక్కువగ ఆలోచింపజేసినది ఇదియే.

ఇక పాత్రను చేయు విధము. పుస్తకములు కొననక్కరలేదు. మూడు పాచికలు, కాగితములు, పెన్సిళ్లు ఉన్న చాలును. లూడో డబ్బాలోని పాచికలు పనికివచ్చును. గవ్వలు మాత్రము వద్దు. గవ్వ వెల్లకిల పడుటకును బోర్ల పడుటకును సమానావకాశము ఉండదు. క్రింద చెప్పు లెక్క ఛాంపియన్స్ మార్గమును చూచి మా ఇంటి పిల్లలకొరకు మేము కుదించుకొన్నది.

బలము, చురుకు, బుద్ధి, ధైర్యము అని నాలుగు గుణములు. ప్రతి గుణము 8తో మొదలగును. కార్యము కష్టమైనపుడు మూడు పాచికలు వేసి, మొత్తము ఆ గుణమునకు సమానముగగాని తక్కువగగాని వచ్చినచో నెరవేరినట్లు. ప్రతివానికిని 20 పాయింట్లు ఇత్తుము. గుణమును ఒక మెట్టు పెంచుటకు ఒక పాయింటు, పెద్ద శక్తికి పది, చిన్న శక్తికి ఆరు. లోపము వ్రాసికొన్నచో దాని తీవ్రతనుబట్టి రెండో మూడో తిరిగి చేతికి వచ్చును.

ఇచ్చట లెక్కలమీద ప్రీతి గలవారికి ఒక మాట. మూడు పాచికలు పడుటకు 216 విధములు కలవు. అందు 8 లేక అంతకు తక్కువ వచ్చునవి 56, అనగా నూటికి ఇరువదియారు. 10 లేక తక్కువ వచ్చునవి 108, సరిగ సగము. 12 అయినచో 160, నూటికి డెబ్బదినాలుగు. 14 అయినచో 196, నూటికి తొంబదియొకటి. 16 అయినచో 212, నూటికి తొంబదియెనిమిది. కనుక 8 నుండి 10కి ఎక్కిన రెండు మెట్లు అవకాశమును దాదాపు రెట్టింపు చేసినవి. 14 నుండి 16కి ఎక్కిన రెండు మెట్లకు దక్కినది ఏడు పాళ్లు మాత్రమే. పాయింట్లన్నియు ఒకే గుణము మీద క్రుమ్మరించువాడు నష్టపోవును. మా ఇంటి పిల్లలలో అందరికన్న చిన్నది ఈ సంగతిని మేము చెప్పకముందే కనిపెట్టినది. పాచికలను వందసార్లు వేసి గోడమీద గీతలు గీచినది. గోడ గురించి ఇంటిలో జరిగిన చర్చ ఇచ్చట అప్రస్తుతము.

పాత్రను శక్తి నుండి మొదలుపెట్టరాదని మా అనుభవము. “నేను ఎగురుతా, కండ్లలో నుంచి నిప్పులు కక్కుతా” అని మొదలుపెట్టిన పిల్లవానికి మొదటి పోరాటము తరువాత చేయవలసిన పని ఉండదు. మనిషి నుండి మొదలుపెట్టవలెను. ఎవరి కూతురు, ఎచ్చట ఉండును, ప్రొద్దున్నే లేచి ఏమి చేయును, ఎవరికి భయపడును? పైన కోటలో నేలకు చెవిపెట్టిన పాత్రనే తీసికొందము. ఆమె పేరు స్వరూప, పదునారేండ్లు. తండ్రి మార్కెట్టులో మిరపబస్తాలు లెక్కించు గుమాస్తా. తండ్రికి దమ్ము ఉన్నందున తెల్లవారుజామున ఈమెయే పోయి లెక్క వ్రాసి బడికి పోవును. రాతిని తాకినచో దానిగుండ ఎంత దూరపు మాటయైనను వినబడును. ఇది పెద్ద శక్తి, పది పాయింట్లు. రాతిగుండ తన మాటను అవతలికి పంపగలదు. ఇది చిన్న శక్తి, ఆరు. బలము 8 వద్దనే ఉన్నది. చురుకు 10, బుద్ధి 11, ధైర్యము 12. వీనికి రెండు, మూడు, నాలుగు కలిసి తొమ్మిది. మొత్తము 25. ఉన్నవి 20. కావున ఐదు పాయింట్ల లోపము కావలెను. రైలు పోవునపుడు నేల అదరి ఆమె చెవులు మూసికొనిపోవును. కాజీపేట జంక్షన్ దరిదాపుల ఆమె సామాన్యురాలే. దీనికి మూడు. తెల్లవారు నాలుగింటికి ఎచ్చట నున్నను మార్కెట్టుకు చేరవలెను. దీనికి రెండు. లెక్క సరిపోయినది.

ఈ రెండవ లోపము చిన్నదిగ కనబడును, కాని కథకు మిక్కిలి ఉపకరించునది అదియే. దొంగను పట్టుకొనబోవు సమయమున గడియారము మూడున్నర అయినచో స్వరూప ఏమి చేయును? ఆ ప్రశ్నకు పాచికలు జవాబు చెప్పవు. ఆ పిల్లయే చెప్పవలెను. మా ఇంట స్వరూపగ ఆడిన బాలిక చాలసేపు పెన్సిలు కొరికి, చివరకు దొంగను విడిచి మార్కెట్టుకు పోయినది.

మా ఇంటి నియమము ఇంకొకటి కలదు. జనులు దేవతలుగ కొలుచువారిని పాత్రలుగ చేయము. మేడారము జాతరకు పోవు కుటుంబము మాది. సమ్మక్కకు పాయింట్లు వేయుటకు మా చేయి రాదు. ఇతరుల ఇండ్లలో వారి వారి ఇష్టము.

ఇక సూత్రధారి పని. ఇచ్చట మేము చేసిన పొరపాటు చెప్పక తప్పదు.

రేడియోలో నాటకములు నడిపిన అనుభవము ఉన్నది గదా అను ధీమాతో మొదటి సాయంకాలము మేమే సూత్రధారులమైతిమి. కథను ఆదినుండి అంతమువరకు వ్రాసి పెట్టుకొంటిమి. కీర్తితోరణమును ఎత్తుకొనిపోయినవాడు బరువైన రాయిని దూదివలె తేలికచేయు శక్తి కలవాడు. రామప్ప గుడి శిఖరపు ఇటుక నీటిపై తేలునన్న సంగతి నుండి మాకీ ఊహ పుట్టినది. వాడు దుష్టుడు కాడు. వాని ఊరు జలాశయము క్రింద మునుగబోవుచున్నది. ఊరంతటిని నేలతో సహా ఎత్తి గుట్టపైన పెట్టవలెనని వాని సంకల్పము. ఎత్తగలడో లేదో చూచుకొనుటకు ముందుగ తోరణమును ఎత్తినాడు. ఇంతవరకు బాగుగనే వ్రాసికొంటిమి. కాని చివర గుట్టపైన ఒక మహాయుద్ధము కూడ వ్రాసికొంటిమి.

మా అక్క పిల్లలు ముగ్గురు, ప్రక్కింటి కుర్రవాడొకడు ఆడినారు. వాని కథ వినగానే స్వరూప, “మామా, ఆయన మంచోడే గదా. మేం గూడ ఊరు ఎత్తేటందుకు సాయం జేస్తం” అన్నది. మేము ఒప్పుకొనలేదు. వ్రాసికొన్న యుద్ధము ఏమి కావలెను? “అతడు మీ మాట వినలేదు, రాళ్లు విసరుచున్నాడు” అంటిమి. పిల్లలు పాచికలు వేసినారు, గెలిచినారు. కాని ముఖములలో గెలుపు లేదు. నాటకమున పాత్రలకు మాటలు వ్రాయుట రచయిత హక్కు. ఈ ఆటలో ఆ హక్కును బల్ల చుట్టునున్నవారికి అప్పగించి కూర్చుండవలెనని ఆనాటికి మాకు తెలియలేదు.

అంతకన్న పెద్ద పొరపాటు ఇంకొకటి జరిగినది. ప్రక్కింటి కుర్రవాడు నలుగురిలో మాట తక్కువవాడు. వాడు చేసికొన్న వీరుని పేరు మరుగు. ఎదుట నిలిచినను ఎవరి కంటను పడకుండుట వాని శక్తి. లోపము వ్రాయవలసినచోట, “నేనుగా పిలిస్తె తప్ప ఎవరికీ కనపడ” అని వ్రాసినాడు. మేము రెండు పాయింట్లు ఇచ్చి ముందుకు పోతిమి. రెండు గంటల ఆటలో మిగిలిన ముగ్గురు కేకలు వేయుచుండిరి, మేము వారికి జవాబు చెప్పుచుంటిమి. ఆట ముగిసి పిల్లలు లేచిన తరువాత వాని కాగితము చూచితిమి. పాచికలు వేసిన గుర్తుకొరకు ఒక్కొక్కరు ఒక్కొక్క గీత గీయుట మా పద్ధతి. వాని కాగితమున ఒక్క గీతయు లేదు. ఎవరికిని కనబడని వీరుని సూత్రధారి కూడ చూడలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర సరిగా పట్టలేదన్నచో అతిశయోక్తి కాదు. స్టూడియోలో నలుగురితో చర్చ నడుపునపుడు మాటలాడనివానివైపు మైకు త్రిప్పుట మా వృత్తిలో మొదటి పాఠము. ఇంటి బల్లవద్ద దానినే మరచితిమి.

అప్పటినుండి మా పద్ధతి మార్చుకొంటిమి. ముగింపు వ్రాసికొనుట మానితిమి. విలనుకు ఏమి కావలెనో, దానికొరకు ఏమి చేయుచున్నాడో, ఎవరును అడ్డుకొననిచో రేపు ఏమగునో, ఈ మూడు మాత్రమే వ్రాసికొందుము. మిగిలినది పిల్లలు చేయుదురు. ప్రతి పాత్రయొక్క లోపమును ఒక చీటిపై వ్రాసి ఎదుట పెట్టుకొని, ఒక సాయంకాలములో ప్రతి లోపమును ఒక్కసారియైనను కథలోనికి తెత్తుము. లోపమును తెచ్చుట శిక్ష కాదు. పిల్లవాడు తన కాగితముపై దానిని వ్రాసినాడన్నచో, ఆ సంగతి కథలో రావలెనని అడుగుచున్నాడన్నమాట. బల్ల చుట్టు వరుసగ అడుగుచు పోదుము. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషములు, తరువాత ప్రక్కవారు. కేకలు వేయువాడు తన వంతు వరకు ఆగవలెను. రేడియో కార్యక్రమములవలె దీనికిని కాలపరిమితి కలదు. తొమ్మిదింటికి మొదలైనను పదునొకండింటికి మొదలైనను రెండు గంటలకు మించదు. అర్ధరాత్రి కేకలు ఆగవలెనన్నచో ఉత్తరము వ్రాసిన తల్లి ఈ ఒక్క నియమము పెట్టిన చాలును. ఆటను మాన్పించనక్కరలేదు.

ఎవరికైనను కథలో ఒక సంగతి వినుటకు కష్టమైనచో బల్లమీద చేయి పెట్టవచ్చును. చేయి పెట్టినవానిని కారణము అడుగము, ఆ సంగతిని విడిచి ముందునకు పోవుదుము. మా ఇంట ఒకేసారి పడినది ఆ చేయి, ఆసుపత్రి ఘట్టమున. ఎవరిదో చెప్పము.

దెబ్బలాటల విషయమున కూడ ఒక మాట. బలవంతుడు గోడను గ్రుద్దినపుడు గోడ ఎవరిదని అడుగుట సూత్రధారి విధి. ఆ ఇంటివాడు మరుసటి ప్రొద్దున వీధిలో నిలిచి ఏడ్చుచుండును. నష్టము ఎవరిచ్చెదరు? ఈ ప్రశ్న ఒకసారి అడిగిన తరువాత మా అక్క పెద్దకొడుకు తలుపులు తెరచుకొని లోనికి పోవుట నేర్చుకొన్నాడు.

తరువాతి ఆదివారము ఆటను తిరిగి మొదలుపెట్టుటకు ముందు పిల్లలకు చెప్పితిమి: “గుట్టపైన యుద్ధము జరుగలేదనుకొందము. పొరపాటు మాది.” వారు పెద్దగ ఆశ్చర్యపడలేదు, వెంటనే ఒప్పుకొన్నారు. కథ గుట్ట క్రింద నుండి మరల మొదలైనది. విలను పైన ఒంటరిగ కూర్చున్నాడు. చుట్టును వందల బండరాళ్లు గాలిలో తేలుచున్నవి. ఎవరు అడుగు పెట్టినను వాని కంటపడుదురు, పడినచో రాళ్లు క్రిందికి వచ్చును. స్వరూప రాతిగుండ మాట పంపుటకు చూచినది. రాళ్లు నేలను తాకుట లేదు గనుక మాట పోలేదు. బలవంతుడు పోలేడు. ముగ్గురును ఒకరి ముఖమొకరు చూచుకొని, నాలుగవవానివైపు తిరిగినారు.

వాడు తన కాగితము వంక చూచుచు, “నేను పోత” అన్నాడు. రాళ్లనడుమ నుండి చప్పుడు చేయక నడచుటకు చురుకు మీద పాచికలు వేయించితిమి. వాని చురుకు 12, పడినది 9. గుట్టపైకి చేరినాడు. విలను వెనుకనే ఉన్నాడు, ఒక్క తోపు తోసిన చాలును. మిగిలిన పిల్లలు ఊపిరి బిగబట్టినారు. “ఇప్పుడేమి చేసెదవు?” అని మేము అడిగితిమి.

“ఆయన ముందటికొచ్చి కూసుంట. కనపడ్త” అన్నాడు వాడు. “మీ ఊరు పేరేందని అడుగుత.”

ఊరి పేరు మేము ఆలోచించి పెట్టుకొనలేదు. ఆ సాయంకాలము మిగిలిన గంటయు ఆ ఊరి పేరు, అందలి చెరువు, చెరువుగట్టు మీది చింతచెట్టు, బడి, ఎవరెవరి ఇండ్లు ముందు మునుగునో, ఇవన్నియు ఆ నలుగురు పిల్లలును కలిసి చెప్పగా వ్రాసికొనుటతోనే సరిపోయినది. తోరణము ఇంకను గుట్టపైన గాలిలోనే ఉన్నది. వచ్చు ఆదివారము దానిని దింపవలసి యున్నది.